మాడ్యూళ్లు తగిలించుకునే రగ్డ్ ఫోన్ క్వారీలోనూ సముద్రపు ఒడ్డునా నిలుస్తుందా? కొనేముందు ఏం పరీక్షించాలి?

సర్వేగొలుసు (శ్రీకాకుళం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ఎనిమిది మందిమి కలిసి ఒక చిన్న సర్వే బృందం నడుపుతున్నాం. వారంలో రెండు రోజులు టెక్కలి వైపు గ్రానైటు క్వారీల్లో హద్దులూ తవ్వకపు కొలతలూ తీస్తాం, రెండు రోజులు సంతబొమ్మాళి మండలంలో తీరం వెంబడి రోడ్డు పనుల దగ్గర ఉంటాం, మిగిలిన రోజులు వంశధార కాలువ గట్ల మీదో ఎవరి లేఅవుటులోనో గడిచిపోతాయి. కొలతలు రాసుకోవడం, ఫొటోలకు అక్షాంశ రేఖాంశాలు జతచేయడం, చోటును మరింత కచ్చితంగా చూపే డీజీపీఎస్ రిసీవరును బ్లూటూత్ ద్వారా నడపడం, సాయంత్రానికి డ్రాయింగు పంపడం అన్నీ ఫోన్‌లోనే జరుగుతాయి. ఫోన్‌లో ఉండే జీపీఎస్ ఆరుబయట కూడా దాదాపు 5 మీటర్ల తేడాతోనే చోటు చూపిస్తుంది కాబట్టి హద్దురాయి పాతడానికి అది చాలదు. అందుకే మాకు రిసీవరుతో బ్లూటూత్ తెగకుండా ఉండటం ముఖ్యం.

గత రెండేళ్లలో మా చేతుల్లో ఐదు మామూలు ఫోన్లు పాడయ్యాయి. రెండింటికి డిస్‌ప్లే పగిలింది, ఒకదాని చార్జింగ్ పిన్ ఉప్పుగాలికి కిలుము పట్టింది, ఒకటి స్పీకరు మూగబోయి ఎదుటివారి మాట వినిపించకుండా పోయింది, ఇంకొకటి కాలువలో పడి మళ్లీ వెలగలేదు. ఇప్పుడు ఒక అమ్మకందారు, విదేశం నుంచి తెప్పించే ఒక రగ్డ్ ఫోన్‌ను, అంటే దెబ్బకూ దుమ్ముకూ నీటికీ తట్టుకునేలా చేసిన ఫోన్‌ను, చూపించి రెండు నమూనాలను నెల రోజుల పాటు వాడి చూడమన్నారు. ఫోన్ వీపున అయస్కాంతాలూ, బంగారు పూత పూసిన చిన్న పిన్నులూ ఉన్నాయి. వాటికి అదనపు బ్యాటరీ, చీకట్లో చూసే కెమెరా, వాకీటాకీ అని మూడు మాడ్యూళ్లను ఒకదాని తర్వాత ఒకటి తగిలించుకోవచ్చు. పెట్టె మీద దుమ్మూ నీటి రక్షణను తెలిపే ఐపీ68, ఐపీ69కే అంకెలూ, మిల్-ఎస్‌టీడీ-810హెచ్ అనీ ముద్రించి ఉన్నాయి. మాడ్యూళ్లతో కలిపి ఒక్కో సెట్టు ధర మాకు భారమే.

పెట్టె మీది రాతలను మా పనికి అన్వయించి చూసినప్పుడు వాటి విలువ ఎంత, నెల రోజుల్లో మేము స్వయంగా చేసుకోగల పరీక్షలేమిటి, మాడ్యూళ్ల ఏర్పాటు మా వంటి వారికి నిజంగా అక్కరకొస్తుందా లేక కొన్నాళ్లకు అటక ఎక్కుతుందా అన్నవి నా సందేహాలు. సైట్లలో వాడిన అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

రాతిపని (టెక్కలి)

సర్వేగొలుసు గారూ, నేను పదహారేళ్లుగా క్వారీలో ఫోర్‌మన్‌గా ఉన్నాను కాబట్టి దుమ్ము గురించి మాత్రమే చెబుతాను. ఐపీ68లో మొదటి అంకె 6 అంటే దుమ్ము లోపలికి చొరబడదని అర్థం, అది నిజమే. కానీ ఆ పరీక్షను మూసిన పెట్టెలో టాల్కం పొడి ఎగరేసి, ఎక్కువలో ఎక్కువగా 8 గంటలు చేస్తారు. ఖనిజాల్లో అన్నిటికంటే మెత్తనిది టాల్కు, మోస్ కొలతలో దాని గట్టిదనం 1. గ్రానైటు పొడిలో ఉండే క్వార్ట్జు గట్టిదనం 7, అంటే అది ఫోన్ అద్దాన్ని గీయగలదు. చొక్కా జేబులో రాతిపొడీ ఫోనూ కలిసి రోజంతా రాసుకుంటే అద్దం మూడు నెలలకే పొగ పట్టిన లాంతరు చిమ్నీలా మారుతుంది. లోపలికి దుమ్ము పోకపోయినా బయట చూడటానికి వీలు లేకుండా పోయే ఈ నష్టం గురించి ఏ పెట్టె మీదా రాయరు. కాబట్టి ఏ ఫోన్ కొన్నా టెంపర్డ్ గ్లాసు వేయించండి, అరిగినప్పుడల్లా మార్చండి.

రెండో అంకె విషయంలోనూ ఒక తిరకాసు ఉంది. ఐపీ67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తట్టుకోవడం, ఐపీ68 అంటే అంతకంటే కఠినంగా కంపెనీ తానే ప్రకటించిన లోతూ సమయమూ. కానీ మునిగితే తట్టుకునే వస్తువు పైపు నీటి ధాటికి కూడా తట్టుకోవాలని ఆ ప్రమాణంలో ఎక్కడా లేదు, ధారలకు వేరే అంకెలున్నాయి. మీ నమూనాకు 69కే కూడా ఉందన్నారు. 80 డిగ్రీల వేడి నీటిని 80 నుంచి 100 బార్ల ఒత్తిడితో దగ్గర నుంచి కొట్టి చూసే పరీక్ష అది, మాకు మిషన్లు కడిగే చోట పనికొస్తుంది. అయితే ఆ పరీక్ష ఫోన్‌కు మాడ్యూలు తగిలించి చేశారా, విడిగా చేశారా అన్నది అమ్మకందారును కాగితం మీద అడగండి.

ఇక నా సొంత అభిప్రాయం. మా క్వారీలో అందరం పన్నెండు వేల లోపు ఫోన్ కొని, దానికి మందపాటి రబ్బరు కవరు తొడిగి, ఏడాదిన్నరకు మార్చేస్తాం. పోయినా గుండె గుభేలుమనదు.

రిపేరుబల్ల (విజయనగరం)

సర్వేగొలుసు గారికి నమస్కారం. నేను పాత బస్టాండు దగ్గర ఫోన్ల రిపేరు షాపు నడుపుతున్నాను. తీరం నుంచీ, ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీల నుంచీ, కాంక్రీటు పనుల నుంచీ వచ్చే ఫోన్లను రోజూ విప్పుతుంటాను. మీ ప్రశ్న చదవగానే నాకు ఒకే మాట తోచింది: ఫోన్ ఎంత గట్టిదని కాకుండా దానికి అతుకులు ఎన్ని ఉన్నాయో, ఒక్కో అతుకును మీరు రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారో లెక్కపెట్టండి. ఉప్పు, నీరు, దుమ్ము, దెబ్బ ఈ నాలుగూ పని మొదలుపెట్టేది అతుకు దగ్గరే. మామూలు రగ్డ్ ఫోన్‌లో సిమ్ ట్రే, చార్జింగ్ పిన్ మూత, స్పీకరు జాలీ, అంచు జిగురు ఉంటాయి. మాడ్యూళ్ల ఫోన్‌లో వీటికి తోడు, ఎప్పుడూ గాలికి తెరిచి ఉండే పిన్నుల వరస ఒకటి చేరుతుంది.

ఆ పిన్నులను పోగో పిన్నులంటారు, లోపల చిన్న స్ప్రింగు ఉంటుంది. వాటి బంగారు పూత చాలా పలచన. తీసి తగిలించి పూత అరిగిన చోట కింది లోహం బయటపడి, తీరపు తేమలోని ఉప్పు దాని మీద పేరుకుంటుంది. అందులో నుంచి కరెంటు ప్రవహిస్తున్నప్పుడు తుప్పు మరింత తొందరగా పడుతుంది. మామూలుగా ఇత్తడి చెంబుకు వారానికి పట్టే కిలుము, చార్జింగ్ నడుస్తున్న పిన్నుకు ఒక రాత్రిలో పట్టడం నేను చూశాను. ఇంకొకటి అయస్కాంతం. ఇనుప ఊచలు కోసే చోటా గ్రైండింగ్ చేసే చోటా లేచే ఇనుప రజను, స్పీకరు అయస్కాంతం దగ్గరికే మీసాల్లా వచ్చి అతుక్కుంటుంది. ఎదుటివారి మాట వినిపించకుండా పోయిన మీ ఫోన్ కథ బహుశా ఇదే అయి ఉంటుంది. మాడ్యూలును పట్టి ఉంచే పెద్ద అయస్కాంతాల చుట్టూ, అదీ కరెంటు పిన్నుల పక్కనే, ఆ రజను చేరితే రెండు పిన్నుల మధ్య వంతెన కట్టి షార్టు కావచ్చు. కాబట్టి రోజూ సాయంత్రం ఫోన్ వీపును టేపు ముక్కతో అద్ది శుభ్రం చేయడం మీ బృందంలో ఎవరైనా మానకుండా చేస్తారా అని ముందు ఆలోచించండి. మా ఇంట్లో నేనే చేయను.

మిల్-ఎస్‌టీడీ-810హెచ్ అనేది అమెరికా రక్షణ శాఖ 2019లో వెలువరించిన పరీక్షా విధానాల పుస్తకం. అందులో పదుల కొద్దీ పరీక్షలుంటాయి, కంపెనీ తనకు నచ్చినవి ఎంచుకుని చేసి, పెట్టె మీద మొత్తం పుస్తకం పేరు వేసుకోవచ్చు, ఎవరూ ధ్రువపత్రం ఇవ్వరు. నాలుగు అడుగుల ఎత్తు నుంచి, అంటే 122 సెంటీమీటర్ల నుంచి, ముఖాలూ అంచులూ మూలలూ కలిపి 26 సార్లు పడేయడం అందరూ చెప్పుకునే పరీక్ష. అయితే ఆ 26 సార్లు పడేయడాన్ని ఐదు ఫోన్ల వరకు పంచుకోవచ్చు, అంటే ఒక్క ఫోనే 26 సార్లు పడి లేచిందని అర్థం చేసుకోనక్కరలేదు. మీకు కావలసింది అదే పుస్తకంలో ఉన్న ఉప్పు పొగమంచు పరీక్ష, దాని సంఖ్య 509. అది చేశారా లేదా, చేస్తే మాడ్యూలు తగిలించి చేశారా లేదా అని అడగండి. ఐపీ పరీక్షలు మంచినీటితో చేసేవి కాబట్టి సముద్రపు నీటికి అవి హామీ కావు.

ఇంట్లో చేసుకోగల రెండు పరీక్షలు చెబుతాను, ముందు అమ్మకందారు నుంచి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మాడ్యూలును యాభై సార్లు తీసి తగిలించాక, ఫోన్‌ను ఒక ప్లాస్టిక్ సంచిలో నాలుగు చెంచాల మెత్తటి పసుపుతో పాటు వేసి కట్టి, బండి పెట్టెలో ఉంచి గతుకుల రోడ్డు మీద ఒక పూట తిప్పండి. తర్వాత మాడ్యూలు విప్పి, సిమ్ ట్రే లాగి చూస్తే పసుపు ఎంత దూరం వెళ్లిందో కంటికే కనిపిస్తుంది. మనం చేసే పరీక్షల్లో ఇంత చవకైనదీ ఇంత స్పష్టమైనదీ నాకు తెలిసి మరొకటి లేదు. రెండోది, వెనుక మూత విప్పి బ్యాటరీ తీయగల ఫోన్లకు మాత్రమే: బ్యాటరీ తీసేసి, ఆ గూటిలో తెల్లటి టిష్యూ కాగితం పరిచి, మూత గట్టిగా నొక్కి, బకెట్టు నీటిలో జానెడు లోతున పది నిమిషాలు ఉంచండి. పైకి తీసి తుడిచి తెరిచినప్పుడు కాగితం ఏ మూల తడిసిందో ఆ మూల రబ్బరు సీలు సరిగా లేదని అర్థం.

మాడ్యూళ్ల చరిత్ర కూడా కొంచెం చూడండి. గూగుల్ సంస్థ ప్రాజెక్ట్ ఆరా పేరుతో 2013లో ఈ కలను ప్రకటించి, 2016 సెప్టెంబరులో అమ్మకానికి రాకముందే ఆపేసింది. ఎల్‌జీ 2016లో జీ5 అనే ఫోన్‌కు కింది భాగం ఊడి మాడ్యూలు ఎక్కేలా చేసి, మరుసటి ఏడాది జీ6లో ఆ పద్ధతిని వదిలేసింది, 2021లో ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకుంది. మోటరోలా మోటో జెడ్ మాడ్యూళ్లు మరికొన్నేళ్లు నడిచి ఆగాయి. రగ్డ్ ఫోన్లలో డూగీ కంపెనీ 2019లో తెచ్చిన ఎస్90కి కూడా సరిగ్గా మీరు చెప్పిన రకం బ్యాటరీ, రాత్రి కెమెరా, వాకీటాకీ మాడ్యూళ్లే ఉండేవి. నేను చెప్పదలచింది ఏమిటంటే, మాడ్యూలు ఆకారం ఒక్క కంపెనీ సొంతమైనప్పుడు ఆ కంపెనీకి ఆసక్తి ఉన్నన్నాళ్లే దాని ఆయుష్షు. నెదర్లాండ్స్‌లోని ఫెయిర్‌ఫోన్ వారిది వేరే దారి: అక్కడ మాడ్యూలంటే కొత్త హంగు కాదు, స్క్రూడ్రైవరుతో మనమే మార్చుకోగల డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ పిన్. అయితే 2023లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 5కు ఐపీ55 మాత్రమే ఉంది. విప్పడం తేలికైన కొద్దీ మునిగితే తట్టుకోవడం కష్టమవుతుందనడానికి అదొక లెక్క.

మన దగ్గర అధికారికంగా దొరికే వాటిలో పోల్చి చూడదగినది 2024 ఫిబ్రవరిలో వచ్చిన శామ్‌సంగ్ ఎక్స్‌కవర్ 7. చేత్తో విప్పి మార్చుకునే 4050 ఎంఏహెచ్ బ్యాటరీ, 240 గ్రాముల బరువు, ఐపీ68, విడుదలనాటి ధర 27 వేల రూపాయల పైచిలుకు. దాన్నే కొనమని నేను అనడం లేదు, మీ నమూనా పక్కన పెట్టి తూచడానికి ఒక రాయిలా వాడుకోండి.

మేట్ (సంతకవిటి)

నేను ఉపాధి హామీ పనుల్లో మేట్‌గా చేశాను. 2023 జనవరి 1 నుంచి పని జరిగే చోటే రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో హాజరు వేయడం తప్పనిసరి చేసినప్పుడు మాకు తెలిసొచ్చిన విషయం ఒక్కటే: మిట్టమధ్యాహ్నం చెరువు గర్భంలో నిలబడితే తెర మీద ఏమీ కనిపించదు. మీరు పరీక్షలన్నీ నీడలో చేసి మోసపోకండి. పన్నెండు గంటలకు ఎండలో నిలబడి, చెమట చేతితో, మట్టి వేళ్లతో నాలుగు అంకెలు కొట్టి చూడండి. వానచుక్కలు పడినప్పుడు టచ్ తనంతట తానే నొక్కుకుంటుంది, అప్పుడు పక్కన ఒక గట్టి బటన్ ఉండి దానితో ఫొటో తీయగలిగితే ఆ ఫోనే నయం.

సర్వేగొలుసు (శ్రీకాకుళం)

ముగ్గురికీ ధన్యవాదాలు. పసుపు పరీక్ష మా కుర్రవాళ్లకు బాగా నచ్చింది, రేపే మొదలుపెడుతున్నాం. ఒక సందేహం మిగిలింది. సిగ్నలు అందని కాలువ లోపలి భాగాల్లో వాకీటాకీ మాడ్యూలు మాకు ఉపయోగపడుతుందని దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నాం. దానికి అనుమతులేమైనా అవసరమా? అలాగే పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీ ప్రాంగణంలో కొలతల పని వచ్చేలా ఉంది, అక్కడికి ఈ ఫోన్ తీసుకెళ్లవచ్చా?

భద్రతాధికారి (రణస్థలం)

సర్వేగొలుసు గారూ, రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది అదే. రగ్డ్ ఫోన్ వేరు, మండే వాయువులున్న చోట వాడదగిన ఫోన్ వేరు. ద్రావకాలు వాడే ఫ్యాక్టరీల్లో ఆవిరి చేరే అవకాశాన్ని బట్టి చోట్లను జోన్ 0, జోన్ 1, జోన్ 2 అని విభజిస్తారు. అలాంటి చోట వాడే పరికరంలో పుట్టే నిప్పురవ్వ గానీ వేడి గానీ ఆవిరిని అంటించలేనంత తక్కువగా ఉండేలా ప్రత్యేకంగా రూపొందించి, ధ్రువీకరణ పొంది ఉండాలి. ఐపీ68కీ 810హెచ్‌కీ దీనితో ఏ సంబంధమూ లేదు. పైగా ధ్రువీకరణ ఉన్న ఫోన్లకు కూడా, ప్రమాదకర ప్రాంతం లోపల బ్యాటరీ విప్పకూడదనే నిబంధన ఉంటుంది, ఎందుకంటే కరెంటున్న రెండు లోహాలు విడిపోయేటప్పుడు రవ్వ పుడుతుంది. మీ ఫోన్ ప్రత్యేకతే వీపున కరెంటు పిన్నుల మీద మాడ్యూలు ఎక్కించి దించడం. దాన్ని గేటు దగ్గరే అప్పగించి లోపలికి వెళ్లండి, పనికి ఆ ఫ్యాక్టరీ వారు అనుమతించిన పరికరాన్నే అడిగి తీసుకోండి.

వాకీటాకీ సంగతి. మన దేశంలో 2018 నాటి నియమాల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న పట్టీలో, తక్కువ శక్తితో పనిచేసే చేతి రేడియోలకు లైసెన్సు అక్కరలేదు. అయినా ఆ పరికరం నమూనాకు ప్రభుత్వ ఆమోదం ఉండాలి. బయటి నుంచి వచ్చే రేడియోలు చాలావరకు 400 మెగాహెర్ట్జ్ నుంచి 470 దాకానో 480 దాకానో ఎక్కడైనా మాట్లాడనిస్తాయి. ఆ పట్టీలో పోలీసు వారూ ఇతర సేవల వారూ వాడే చానళ్లు కూడా ఉంటాయి కాబట్టి లైసెన్సు లేకుండా వాడటం నేరం. ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్మేవారు పౌనఃపున్యమూ లైసెన్సు అవసరమూ ముందే చెప్పాలని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా జారీ చేసింది. మీ అమ్మకందారు ఆ వివరాలు ఇవ్వకపోతే మాడ్యూలు తిప్పి పంపడమే మేలు. ఒకవేళ అన్నీ సక్రమంగా ఉన్నా, క్వారీలో కరెంటుతో పేలే డిటోనేటర్లు అమర్చే చోటికి దాన్ని తీసుకెళ్లకండి. రేడియో తరంగాల శక్తిని ఆ తీగలు యాంటెన్నాలా లాగేసుకునే ప్రమాదం ఉంది. ఈ మాట రాతిపని గారికి నేను చెప్పనక్కరలేదు.

రాతిపని (టెక్కలి)

నిజమే, మందు కూరే రోజు మేము ఫోన్లన్నీ షెడ్డులోనే పెట్టిస్తాం. రిపేరుబల్ల గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ ఒక్క లెక్క చూడండి. ఇరవై ఏడు వేలు పెట్టి ఒక ఫోన్ కొనే బదులు అదే డబ్బుతో పన్నెండు వేల ఫోన్లు రెండు కొని ఇంకా మిగుల్చుకోవచ్చు. ఒకటి పోతే రెండోది చేతిలో ఉంటుంది, అదీ ఒక మాడ్యూలే కదా!

రిపేరుబల్ల (విజయనగరం)

రాతిపని గారూ, మీ లెక్కలో ఫోన్ ధర ఉంది, ఫోన్‌లో ఉన్న ఆ రోజు కొలతల ధర లేదు. ఎనిమిది మంది ఒక రోజంతా ఎండలో తీసిన రీడింగులు సర్వరుకు చేరకముందే ఫోన్ మునిగిపోతే, మర్నాడు మళ్లీ బండి పెట్రోలు, మళ్లీ ఎనిమిది కూలీలు. మీ క్వారీలో ఫోన్ మాట్లాడటానికే కాబట్టి మీ పద్ధతి మీకు సరిపోయింది. అలాగే రబ్బరు కవరు దెబ్బను ఆపుతుంది గానీ నీటిని ఆపదు, పైగా ఉప్పునీటి చుక్కను లోపల పట్టి ఉంచి రాత్రంతా నానబెడుతుంది. తీరం పని ముగించుకున్నాక కవరు తీసేసి ఐపీ68 ఫోన్ అయితే మంచినీటితో కడిగి ఆరబెట్టాలి, ఆరేదాకా చార్జింగ్ పెట్టకూడదు. బియ్యం డబ్బాలో పాతిపెట్టి తెచ్చే ఫోన్లు ఇప్పటికీ వారానికి రెండు వస్తుంటాయి, పిన్‌లో నుంచి నూక ఏరడం నా పని అవుతోంది.

లైనుపని (పలాస)

ఆలస్యంగా చూశాను, బ్యాటరీ గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, ఉద్దానం అంతటా కొబ్బరి చెట్లు లైన్ల మీద కూలి, స్తంభాలు వంగిపోయి, కరెంటు పునరుద్ధరణకు మేము రాత్రింబవళ్లు తిరిగాం. ఆ రోజుల్లో జనరేటరు ఉన్న కొట్టు ముందు ఫోన్ చార్జింగుకు జనం బారులు తీరి గంటల తరబడి నిలబడ్డారు. మాలో పాత కీప్యాడ్ ఫోన్లున్నవాళ్లు మాత్రం నాలుగేసి బ్యాటరీలు ఒక్కసారే అక్కడ వదిలేసి, పని చూసుకుని వచ్చి, నిండినవి మార్చుకుని వెళ్లిపోయేవారు. ఫోన్ కొట్టులో ఉండిపోనక్కరలేదన్నదే అసలు లాభం.

మీ నమూనాలోని బ్యాటరీ మాడ్యూలు అలాంటిది కాదు. అది వీపున మోసే పవర్‌బ్యాంకు: తన కరెంటుతో లోపలి బ్యాటరీని నింపుతుంది, ఆ మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. లిథియం అయాన్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటితే చార్జి చేయకూడదు కాబట్టి ఫోన్ తనంతట తానే చార్జింగు ఆపేస్తుంది. మే నెలలో నల్లటి ఫోన్ ఎండలో ఉంటే ఆ హద్దు చేరడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలియనిది కాదు. పైగా లోపలి బ్యాటరీ ముసలిదైనప్పుడు మాడ్యూలు దాన్ని ఆదుకోలేదు. ఐదారు వందల సార్లు నిండి ఖాళీ అయ్యాక ఏ ఫోన్ బ్యాటరీ అయినా పట్టు తగ్గుతుంది, సైటులో రోజూ వాడేవారికి అది రెండేళ్ల మాట. విప్పలేని ఫోన్‌కు అప్పుడు జిగురు ఊడదీయాలి, ఊడదీశాక మునుపటి సీలు రాదు.

ఇంకొక మాట, మాడ్యూలు కావాలనే కోరిక తప్పు కాదు. 2016లో వచ్చిన క్యాట్ ఎస్60 ఫోన్‌లో వేడిని చూసే కెమెరా ఉండేదని చదివినప్పుడు నాకూ నోరూరింది, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఏ జాయింటు కాలుతోందో కిందనుంచే తెలుస్తుంది కదా. ఇప్పుడు మా బృందంలో వాడుతున్నది చార్జింగ్ పిన్‌కు గుచ్చుకునే విడి కెమెరా. యూఎస్‌బీ-సీ అందరిదీ కాబట్టి ఫోన్ మారినా కెమెరా మారలేదు. మీ డీజీపీఎస్ రిసీవరు బ్లూటూత్‌తో పనిచేయడం కూడా అలాంటిదే.

సర్వేగొలుసు (శ్రీకాకుళం)

నెల రోజుల గడువు నిన్నటితో ముగిసింది. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

పసుపు పరీక్షలో ఫోన్ లోపలికి ఏమీ పోలేదు, సిమ్ ట్రే తెల్లగానే ఉంది. కానీ మాడ్యూలుకూ ఫోన్‌కూ మధ్య సందులో పసుపు గట్టి పొరలా పేరుకుంది, మర్నాటి వానకు ముద్దై పిన్నుల చుట్టూ అంటుకుంది. తీరం పనిలో తొమ్మిదో రోజుకు రెండు పిన్నులు రంగు మారాయి, పదమూడో రోజుకు ఒకదాని మీద పచ్చని చుక్క కనిపించింది, అప్పటినుంచి బ్యాటరీ మాడ్యూలు ఒకసారి చార్జి చేస్తుంది, ఒకసారి చేయదు. రిపేరు షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిపిస్తే మూడు రోజులు బాగుంది. మాడ్యూలుతో కలిపి జేబులో పెట్టుకుంటే లుంగీ జారినంత బరువని మా చైన్‌మన్ అన్నాడు, కుట్టు ఊడిన చొక్కా జేబు కూడా చూపించాడు. పొరపాటున రెండుసార్లు కాంక్రీటు మీద పడినప్పుడు ఫోన్‌కు ఏమీ కాలేదు గానీ, రెండుసార్లూ మాడ్యూలు ఊడి దూరంగా దొర్లింది. అది ఊడిపోవడం వల్లనే ఫోన్‌కు దెబ్బ తగ్గిందేమో కూడా, న్యాయంగా ఆ మాటా చెప్పాలి.

ఇంకో సంగతి పరీక్షల్లో మేము అనుకోనిది. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి వచ్చిన 15 అంకెల ఐఎంఈఐని, అంటే ఫోన్ గుర్తింపు సంఖ్యను, కేవైఎం అని ముందు చేర్చి 14422కు పంపితే సరైన ఫోనేనని జవాబు వచ్చింది. కానీ ఫోన్ అందుకోగల సిగ్నలు పట్టీల, అంటే బ్యాండ్ల, జాబితాలో 700 మెగాహెర్ట్జ్‌కు చెందిన బ్యాండ్ 28 లేదు. కాలువ లోపలి గ్రామాల్లో మాకు దిక్కు బీఎస్ఎన్ఎల్, వారి 4జీకి ఆ బ్యాండ్ ముఖ్యమైనది. పక్క ఫోన్‌లో రెండు గీతలు చూపే చోట ఇందులో సిగ్నలే లేదు. వాకీటాకీ మాడ్యూలు ఆమోదపత్రం అడిగితే అమ్మకందారు నుంచి ఇప్పటికీ జవాబు లేదు, దాన్ని వాడకుండానే తిప్పి పంపాను.

కాబట్టి రెండు నమూనాలూ వెనక్కి ఇచ్చేస్తున్నాం. తీరం, కాలువ పనులు చేసే నలుగురికి చేత్తో బ్యాటరీ విప్పగల రగ్డ్ ఫోన్లు, ఒక్కొక్కరికి రెండేసి అదనపు బ్యాటరీలు తీసుకోవాలని నిర్ణయించాం. క్వారీ వైపు ఉండే మిగిలిన వారికి రాతిపని గారి పద్ధతే, మందపాటి కవరుతో చవక ఫోన్లు, అయితే రీడింగులు మాత్రం ప్రతి గంటకూ మరొక ఫోన్‌కు పంపాలన్న షరతుతో. రిపేరుబల్ల గారిని ఒకటి అడగాలి: రోజూ వెనుక మూత తెరిచి మూస్తే ఆ రబ్బరు సీలు ఎన్నాళ్లు వస్తుంది, అది విడిగా దొరుకుతుందా?

రిపేరుబల్ల (విజయనగరం)

సీలు చాలా ఫోన్లకు మూతతో కలిసే వస్తుంది, విడిగా వెతకకండి. ఫోన్లు కొనే రోజే ఒక్కో ఫోన్‌కు ఒక అదనపు మూత కూడా బిల్లులో రాయించండి, రెండేళ్ల తర్వాత అడిగితే దొరకడం కష్టం. మూత తెరిచిన ప్రతిసారీ సీలు గాడిలో ఇసుక రేణువు ఉందేమో వేలితో తడిమి చూసి, పొడి గుడ్డతో తుడిచి మూయండి. పెట్రోలుతో మాత్రం తుడవకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. నెలకొకసారి టిష్యూ పరీక్ష చేయండి, కాగితం తడిసిన నెలలో మూత మార్చండి.